రంగు తుడిచేసిన తెర

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళ ఇళ్ళలోనే ఉంటూ వాళ్ళను చూసుకునే పని మా ఇద్దరిదీ. నాది కోనసీమ, అతనిది జగిత్యాల వైపు. ఇక్కడికొచ్చాకే పరిచయం. అతను అక్కా అన్నాడు, నేను తమ్ముడన్నాను. రమత్ గన్‌లో ఒక పెద్దావిడ దగ్గర నేనుంటాను. ఆవిడ పుట్టింది బాగ్దాద్‌లో. అతను ఉండేది టెల్ అవీవ్ ఉత్తరాన, చక్రాల కుర్చీలో తిరిగే ఒక పెద్దాయన దగ్గర. ఈ దేశపు రాజకీయం నాకు టీవీలోంచి తెలిసింది, అతనికి వీధిలో తెలిసింది. 2023లో సుప్రీంకోర్టు అధికారాలు తగ్గించడానికి ప్రభుత్వం చట్టాలు తెస్తున్నప్పుడు, ప్రతి శనివారం రాత్రీ టెల్ అవీవ్‌లోని కప్లాన్ వీధి నిరసన తెలిపే జనంతో నిండిపోయేది. ఆ జనంలోకి పెద్దాయన కుర్చీని నెట్టుకెళ్ళింది ఇతనే. సెలవు రోజు లెవిన్‌స్కీ పార్కులో కలిసినప్పుడల్లా మా మాటలు తిరిగి తిరిగి టీవీ, రాజకీయం దగ్గరికే వస్తాయి. కిందటిసారి వాదన చాలా దూరం పోయింది. ఎవరి మాట వాళ్ళదిగానే రాస్తున్నాను.

తమ్ముడు: అక్కా, నువ్వు ఆ సీరియళ్ళు చూసి ఈ దేశం అర్థమైందంటవ్. నాకైతే అవి చూస్తుంటే కడుపుల మండుతది. ఫౌదానే తీసుకో. తీసినోళ్ళల్ల ఒకాయిన లియోర్ రాజ్. ఆయినే హీరో, ఒకప్పుడు ఆయిన సుత రహస్య దళంల పనిచేసినోడే. ఆ దళమోళ్ళు అరబ్బుల లెక్క తయారై, అరబ్బీ మాట్లాడుకుంట వెస్ట్ బ్యాంక్ ఊర్లల్లకు పోతరు. దళంల ఒక్కొక్కని పెండ్లాం పిల్లల గోడు మనకు చెప్తరు. అవతలోళ్ళ ఇల్లు కూడ చూపెడ్తరు, కాదన. గని తలుపు పలగ్గొట్టి సోదా చేసేటప్పుడే ఎక్కువ చూపెడ్తరు. 2015ల ఇక్కడ మొదలైంది, నెట్‌ఫ్లిక్స్ దాన్ని దునియా అంత తిప్పింది. 2022ల మన దేశంల తనావ్ అని హిందీల తీసిండ్రు, కథను కశ్మీర్ల పెట్టి. ఒక్క కథే కాదు, మనిషిని తుపాకి మీదికెళ్ళి చూసే ఆ చూపు కూడ మనదాక వచ్చింది.

నేను: ఫౌదాను నేను వెనకేసుకు రావట్లేదు. కానీ ఈ దేశపు టీవీ అంటే అదొక్కటేనా? 2019లో 12వ ఛానెల్లో అవర్ బాయ్స్ వచ్చింది, కెషెత్, హెచ్‌బీఓ కలిసి తీసింది. 2014 వేసవిలో ముగ్గురు యూదు కుర్రాళ్ళను ఎత్తుకెళ్ళి చంపారు. దానికి పగగా జెరూసలేంలో మొహమ్మద్ అబూ ఖ్దేర్ అనే పదహారేళ్ళ పాలస్తీనా పిల్లాణ్ణి కొందరు యూదులు కారులో ఎత్తుకెళ్ళి తగలబెట్టారు. ఆ సీరియల్ ఈ రెండో నేరం గురించి. చంపినవాళ్ళ ఇల్లు, వాళ్ళ ప్రార్థనలు, వాళ్ళను అలా తయారుచేసిన గాలి, అన్నీ చూపించింది. పిల్లాడి తండ్రి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగడం చూపించింది. తీసినవాళ్ళలో ఇద్దరు యూదులు, మూడో ఆయన తౌఫిక్ అబూ వాయిల్, అరబ్బు. ఎన్నికలు మూడు వారాల్లోపే ఉండగా ప్రధాని నెతన్యాహు, అది యూదుల మీద ద్వేషం నింపేదని, 12వ ఛానెల్ చూడొద్దని పిలుపిచ్చాడు. తన దేశం చేసిన నేరాన్ని తన భాషలో, తన జనం ముందే పెట్టిన టీవీని తక్కువ చెయ్యకు.

తమ్ముడు: పెట్టిండ్రు, సరే. పెట్టినంక ఏమైంది? నెతన్యాహు గెలిచిండు, ఓడిండు, మళ్ళ గెలిచిండు. 2019 ఏప్రిల్ నుంచి 2022 నవంబర్ దాక ఐదు ఎన్నికలు అయినయ్. ఒక్క ఎన్నికల్లన్న జనం ఆ పిల్లగాని గురించి ఓటేసిండ్రా? ఇంకోటి చెప్త. అవోదా అరవీత్ అనే సీరియల్ రాసిన సయ్యద్ కషువా, అరబ్బు అయి కూడ హీబ్రూల రాసినోడు. యూదుల నడుమ బతికే అరబ్బు కుటుంబం కథ రాసి ఈ దేశాన్ని నవ్వించిండు. 2014ల, నువ్వు చెప్పిన ఆ వేసవిలనే, పెట్టె సదురుకోని పెండ్లాం పిల్లలతోటి అమెరికా పోయిండు. కలిసి బతుకుడు ఇగ కాదని రాసి మరీ పోయిండు. నవ్వినోళ్ళల్ల ఎంతమంది ఆయినను ఆపిండ్రు?

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. కషువా వెళ్ళిపోవడం ఈ దేశపు టీవీకి జరిగిన నష్టాల్లోకెల్లా పెద్దదని నేనూ అనుకుంటాను. కాని అతను అడుగుతున్న ప్రశ్నే సరైనది కాదనిపించింది. సీరియల్ ఓటు మారుస్తుందా అని అడిగితే ఏ దేశంలోనైనా జవాబు ఒకటే. అది మనిషి చెవికి ఏం చేస్తుందో అడగాలి.

నేను: మా పెద్దావిడ సంగతి విను. 1951లో, ఇరాక్ యూదులను విమానాల్లో తెచ్చినప్పుడు, చిన్నపిల్లగా వచ్చింది. మొదట గుడారాల శిబిరం. ఇంట్లో అరబ్బీ, బడిలో హీబ్రూ. వీధిలో అరబ్బీ మాట్లాడితే చిన్నచూపు. శత్రువు భాష కదా! వాళ్ళమ్మ బస్సులో గొంతు తగ్గించి మాట్లాడేదట. అలాంటి ఇళ్ళకు సర్కారు టీవీ ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక ఈజిప్టు సినిమా వేసేది. శబ్బాత్ మొదలయ్యే ముందు వంట చేస్తూ చేస్తూ ఇల్లంతా చేరి చూసేవారు. యుద్ధాలు జరుగుతున్న దేశం నుంచి వచ్చిన సినిమా అది! ఆ గంటన్నరసేపు వాళ్ళ భాష సిగ్గుపడాల్సినది కాకుండా పోయేది. ఇప్పటికీ ఏ సీరియల్లో అరబ్బీ మాట వచ్చినా కింద హీబ్రూ అక్షరాలు పడేలోపే ఈవిడ బదులు చెబుతుంది. ఫౌదాలో కూడా అంతే. ఫలానావాడి యాస బాగాలేదని తిడుతుంది. ఈ దేశపు యూదుల్లో చాలామందివి అరబ్బు దేశాల నుంచి వచ్చిన కుటుంబాలే. వాళ్ళ ఇంట్లో ఆ భాషను బతికించింది బడి కాదు, పార్టీ కాదు.

తమ్ముడు: మరి ఆ పెద్దమ్మ ఓటు ఎవలికి?

నేను: లికుడ్‌కే, నెతన్యాహు పార్టీకి. 1977 నుంచీ.

తమ్ముడు: గదే నేననేది! అరబ్బీ పాట వింటె కండ్లల్ల నీళ్ళు, ఓటేమో అరబ్బులను తొక్కే సర్కారుకు.

నేను: తొందరపడకు. ఆ ఓటు ఎక్కడ గట్టిపడిందో తెలుసుకో. 1981 జూన్ 27, ఎన్నికలకు మూడు రోజుల ముందు. టెల్ అవీవ్‌లో లేబర్ పార్టీ సభ. వేదిక మీద డూడు టోపాజ్, టీవీలో, రేడియోలో జనానికి తెలిసిన హాస్యనటుడు. ఎదురుగా ఉన్న జనాన్ని మెచ్చుకుంటూ, అసలైన సైనికులు, కమాండర్లు ఇక్కడున్నారు, లికుడ్ ఆఫీసులో ఉన్నవాళ్ళంతా చహ్‌చహీమ్, సైన్యంలో చేరినా గేటు దగ్గర కాపలాకే పనికొస్తారు అన్నాడు. మొరాకో నుంచీ ఇరాక్ నుంచీ వచ్చినవాళ్ళను కించపరిచే తిట్టు అది. మర్నాడు రాత్రి అదే మైదానంలో లికుడ్ నాయకుడు బెగిన్ సభ పెట్టాడు. ఆ తిట్టును జనానికి వినిపించి, మీరూ మేమూ ఒకటే, అందరం యూదులం, అన్నదమ్ములం అన్నాడు. లికుడ్‌కు 48 సీట్లు, లేబర్ కూటమికి 47. ఆ ఒక్క సీటు టోపాజ్ వల్లే పోయిందని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా పెద్దావిడకు ఆ రాత్రి నిన్నటిలాగే గుర్తు. ఆమె ఓటు పాలస్తీనా వాళ్ళ మీద కోపంతో మొదలవలేదు తమ్ముడూ. మీ పెద్దాయన లాంటివాళ్ళు తనను చూసిన చూపు మీద కోపంతో మొదలైంది.

తమ్ముడు: ఒప్పుకుంట. మా ముసలాయిన ఇప్పటికి లికుడోళ్ళ గురించి గట్లనే మాట్లాడ్తడు. మంచోడే, నన్ను కొడుకు లెక్క చూస్తడు, గని ఆ మాట వస్తే మొఖం మారుతది. సరే అక్కా, నువ్వు చెప్పినదాంట్లెనే నా మాట ఉన్నది. టీవీ తీసెటోళ్ళు ఒక్క తీరు మనుషులు, టెల్ అవీవ్ మనుషులు. అటువైపోళ్ళకు విసుగొచ్చి 14వ ఛానెల్‌కు పోయిండ్రు. ఆడ నెతన్యాహును పొగుడుడే పొగుడుడు. ఇప్పుడు ఒకే బిల్డింగుల మొదటి అంతస్తు 12 చూస్తది, రెండో అంతస్తు 14 చూస్తది. ఒకే రోజు, ఒకే సంఘటన, రెండు దేశాలల్ల జరిగినట్టుంటది.

నేను: మా ఇంట్లో అంతస్తులు కూడా అక్కర్లేదు. మొన్నటిదాకా ఎనిమిది గంటలకు ఆవిడ 12 పెట్టుకునేది, కొడుకు రాగానే రిమోట్ తీసుకుని 14 పెట్టేవాడు. అది నాకూ బాధే. ఐనా తెర అంటే అధికారానికి ఎంత లెక్కో చూడు. ప్రధాని మీద నడుస్తున్న మూడు కేసుల్లో రెండు వార్తల గురించే. పత్రిక యజమానితో అనుకూలమైన రాతల బేరం ఆడాడని ఒకటి, టెలికాం కంపెనీకి మేలు చేసి దాని వార్తల సైటులో తనకు నచ్చినట్టు రాయించుకున్నాడని ఇంకొకటి. ఆయన అన్నీ అబద్ధమంటున్నాడు, 2020 నుంచి విచారణ సాగుతూనే ఉంది. ఇక్కడి జనం తెర మీది బొమ్మను ఉన్నదున్నట్టు నమ్మేవాళ్ళు కాదు. మెహికోన్ కథ తెలుసా నీకు?

తమ్ముడు: తెల్వదు, చెప్పు.

నేను: 1970ల చివర్లో ఇక్కడ ఉన్నది ఒకటే ఛానెల్, సర్కారుది. బయట కొన్న సినిమాలు, సీరియళ్ళు రంగుల్లోనే వచ్చేవి. రంగుల టీవీలు ఎగబడి కొంటారు, విదేశీ డబ్బు పోతుంది, కొనలేనివాళ్ళు చిన్నబోతారు అని ప్రభుత్వం ప్రసారంలోంచి రంగును తుడిచేయించింది. తుడిచే పరికరం పేరు మెహికోన్. జనం ఊరుకోలేదు. ఆ తుడుపును వమ్ము చేసే పరికరం ఇంకోటి బజార్లోకి వచ్చింది, అంటీ మెహికోన్. డబ్బు పోసి కొనుక్కున్నారు. కొన్నా బొమ్మ నిలిచేది కాదు, సినిమా మధ్యలో పదేపదే లేచి మీట తిప్పుకోవాలి. మా పెద్దావిడ ఇంట్లో ఆ పని భర్తదట. 1977లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ జెరూసలేం వచ్చినప్పుడు, 1979లో యూరోవిజన్ పాటల పోటీ ఇక్కడ జరిగినప్పుడు మాత్రం రంగు వదిలారు. పూర్తిగా రంగులు రావడానికి 1983 దాకా పట్టింది. సర్కారు తుడిచేసిన దాన్ని పట్టుబట్టి తెచ్చుకున్న జనం వీళ్ళు.

నా వాదనలో ఇదే బలమైన చోటనుకున్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాటలే నేనీ వ్యాసం రాయడానికి కారణం.

తమ్ముడు: మంచి కథ చెప్పినవ్ అక్కా. మరి రంగు కోసం పైసలు పెట్టి, మాటిమాటికి లేచి మీట తిప్పిన జనం, గాజా కోసం ఎందుకు లేవలే? రెండేండ్లు ఎనిమిది గంటల వార్తలు నువ్వు చూసినవ్, నేను చూసిన. గాజా అంటే ఏం చూపెట్టిండ్రు? మీదికెళ్ళి డ్రోన్ తీసిన కూలిన ఇండ్లు. అండ్ల మనుషులు లేరు. సైనికుల అంత్యక్రియలు, బందీల తల్లిదండ్రులు, స్టూడియోల రిటైరైన జనరళ్ళు. 2025 జులై ఆఖర్ల సచ్చిపోయినోళ్ళు 60,000 దాటిండ్రని గాజా ఆరోగ్య శాఖ చెప్పింది. అది హమాస్ లెక్క అని పక్కకు వెట్టిండ్రు. మరి వాళ్ళ లెక్క చెప్పిండ్రా? అల్ జజీరా ఆఫీసును 2024 మేల మూసింది సర్కారు, అది సర్కారు తప్పు. గని ఫోన్ల ఎవలు అడ్డం వడ్డరు? ఏ పరికరం కొనే పని లేదు, పైసా ఖర్చు లేదు, చేతుల ఫోన్ ఉన్నది. మా అమ్మ జగిత్యాలల చూసింది ఆ పిల్లలను. మా ముసలాయిన చూడలే. ఈసారి రంగు తుడిచింది సర్కారు కాదక్కా, చూసెటోడే.

నేను: 2023 అక్టోబర్ 7 వీళ్ళను ఏం చేసిందో నువ్వూ చూశావు. హమాస్ దాడిలో దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని ఎత్తుకుపోయారు. క్ఫర్ అజాలో మనలాంటి పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి, తను చూసుకునే ముసలావిడను వదిలి పారిపోలేదు, ఇద్దరూ పోయారు. మా పెద్దావిడ మనవడు రిజర్వు సైన్యంలో ఉన్నాడు. సైరన్ మోగితే ఆవిడను పట్టుకుని రక్షణ గదిలోకి నడిపించేదాన్ని, ఆ అడుగులు ఎంత నెమ్మదో నాకు తెలుసు. ఆ భయంలో ఉన్న మనిషికి అవతలివాళ్ళ ఏడుపు చూపించకపోతే, చూపించమని ఆ మనిషి అడగదు. అడగని దాన్ని ముందు పెట్టడమే వార్తలు చెప్పేవాళ్ళ పని. ఆ పని వాళ్ళు చెయ్యలేదు. అందులో నీ మాటే నా మాట. కాని బందీల కుటుంబాలను రోజూ తెర మీదికి తెచ్చిందీ ఈ టీవీయే. ఒప్పందం వద్దు, యుద్ధమే కావాలి అన్న మంత్రుల ముందుకు ఆ తల్లులను ప్రతి రాత్రీ తెచ్చి నిలబెట్టింది. లేకపోతే వాళ్ళను ఎప్పుడో మరిచిపోయేవారు.

తమ్ముడు: అది నిజం, దానికి దండం పెడ్త. గని చూడు, ఆ టీవీకి గుర్తున్నది తన పిల్లలే. మన సంగతి తీసుకుందాం. రోజ్ ఫొస్టానెస్ గుర్తున్నదా?

నేను: ఆమెను మరిచిపోతానా! టెల్ అవీవ్‌లో కేర్‌గివర్, ఫిలిప్పీన్స్ ఆవిడ, నలభై దాటిన మనిషి. 2014 జనవరిలో ఇక్కడి ఎక్స్ ఫ్యాక్టర్ పాటల పోటీలో గెలిచింది. దేశమంతా ఆమెకు ఓటేసింది.

తమ్ముడు: ఓటేసింది. గెలిచినంక తెలిసింది, ఆమె వీసాల కేర్‌గివర్ పని తప్ప ఇంకో పని చేయొద్దని ఉన్నది. పాట పాడి పైసలు తీసుకోవద్దు.

నేను: ఆ తర్వాత ఇచ్చారుగా. హోం శాఖ ఆమెకు పాడుకునే అనుమతి ఇచ్చింది. తెర మీద కనబడకపోతే ఇచ్చేవారా?

తమ్ముడు: ఒక్కామెకు ఇచ్చిండ్రు. మన సంగతి? ఇంట్లనే ఉండి రాత్రిపగలు చూసుకునే కేర్‌గివర్‌కు పని గంటల చట్టం వర్తించదని, ఓవర్‌టైం లేదని సుప్రీంకోర్టు 2009ల చెప్పింది, 2013ల మళ్ళ విని అదే చెప్పింది. కప్లాన్ల మా ముసలాయిన కాపాడుకుందాం రమ్మన్న కోర్టు గదే. నేను కుర్చీ నెట్టిన, జెండా కూడ పట్టిన, కోర్టు ఉండాలె అని నేను గూడ అనుకున్న. గని మన రాత్రుల గురించి ఏ సీరియల్ తీసిండ్రు? యుద్ధం మొదలైనంక వెస్ట్ బ్యాంక్ నుంచి పనికొచ్చే పాలస్తీనా మేస్త్రీల పర్మిట్లు ఆపిండ్రు. వాళ్ళ జాగల మనోళ్ళను తెచ్చిండ్రు. 2024ల హైదరాబాద్‌ల కూడ సెలక్షన్లు పెట్టిండ్రు. మా ఊరి పిలగాడు ఒకడు అట్ల వచ్చినోడే. వాడు కట్టే గోడ నిన్నమొన్నటిదాక ఇంకొకడు కట్టిన గోడ. వాడు అన్నం తినేటప్పుడు నాతోటి అన్నడు, అన్నా, ఈ కూలి ఎవల నోట్లెదో అని. ఈ మాట ఏ టీవీల వస్తది?

నేను: రాలేదు. రావాలి. రాయగలిగినవాడు రాస్తే ఇక్కడ వేసేవాళ్ళు కూడా ఉన్నారని ఇంకా నమ్ముతున్నాను. కాన్ 11, సర్కారు డబ్బుతో నడిచే ఛానెల్, యావ్నే ఊళ్ళో ఒక సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి మీద కామెడీ తీస్తే దేశమంతా చూసింది. ఆ ఛానెల్‌ను ప్రైవేటుకు ఇచ్చేయాలని కమ్యూనికేషన్ల మంత్రి కర్హి పదవిలోకి వచ్చినప్పటి నుంచీ అంటున్నాడు. పనికిరానిదైతే అంత పట్టుదల ఎందుకు?

తమ్ముడు: నువ్వు మళ్ళ సీరియల్ దగ్గరికే వస్తవ్. నాకు సీరియల్ వద్దు, వార్త కావాలె. మా ముసలాయినకు నేను ఫోన్ల చూపెట్టిన. మొదటిసారి కోపమైండు, రెండు రోజులు మాట్లాడలే. మళ్ళ చూపెట్టిన. ఇప్పుడు ఆయినే అడుగుతడు, ఇయ్యాల ఏముంది అని. నువ్వు మీ పెద్దమ్మకు చూపెట్టినవా?

నేను: ఆవిడ అడిగాక చూపించాను. మీ దేశంలో మా గురించి ఏం వేస్తున్నారు అంది ఒకరోజు. పిండి కోసం నిలబడ్డ జనంలో ఒక తల్లి మాట్లాడుతున్న వీడియో పెట్టాను. కింద ఏ భాషలోనూ అక్షరాలు లేవు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడకు అంతా అర్థమైంది. ఆ తల్లి ఏమంటోందో హీబ్రూలో నాకు చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా. శుక్రవారం భోజనాల దగ్గర కొడుకుని అడిగింది, ఇది మన వార్తల్లో ఎందుకు రాదు అని. అవన్నీ నటన, హమాస్ తీయించినవి అన్నాడతను. నాకు అరబ్బీ నువ్వు చెప్పొద్దు, ఆ గొంతు నటన కాదు అంది. కోడలు పళ్ళేలు తీసేసినా వాదన ఆగలేదు.

తమ్ముడు: మంచిగైంది. మరి ఎన్నికలు? 2026 అక్టోబర్ లోపట పెట్టాలె కదా.

నేను: అడిగాను. లికుడ్‌కే అంది.

తమ్ముడు: అయితే నా మాటే నిజమైంది.

నేను: ఓటు లెక్కలో నీదే నిజం. ఐనా ఆ శుక్రవారం తర్వాత ఆ ఇంట్లో ఎనిమిది గంటలకు రిమోట్ ఆవిడ చేతిలోనే ఉంటోంది. 12లో గాజా మీద ముక్క వచ్చినప్పుడల్లా కింద మనుషులెక్కడ అని పైకే అంటోంది. కొడుకు వినాల్సి వస్తోంది.

తమ్ముడు: వినుడు వేరు, ఒప్పుకొనుడు వేరు అక్కా. మా ముసలాయిన ఒప్పుకుండు. ఈసారి ఆయిన ఓటు మారుతది, నాకు చెప్పిండు. ఎవలికని అడగలే. ఆయినను పోలింగ్ దాక నెట్టుకపోయేది నేనే, ఓటేసేది మాత్రం ఆయినే.